మూడున్నర కిలోల మిన్నూకి నలుగురి చేతి తిండి

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. వారింట్లో ఆరేళ్ల పొమరేనియన్ కుక్క ఉంది. దాన్ని మనం మిన్నూ అని పిలుచుకుందాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి రెండేళ్లయింది. మొదటి నుంచీ మామూలు పొడి గుళికల ఆహారమే తింటూ ఆరోగ్యంగానే ఉండేది. ఎనిమిది నెలల కిందట ఈమె ఆడపడుచు వచ్చి, ప్యాకెట్ వెనక ఉన్న అక్షరాలు పైకి చదివి, “మొక్కజొన్న, మాంసపు ఉపఉత్పత్తులు, బూడిద! ఇది తిండా, విషమా?” అన్నారట. ఆ రాత్రే భర్తగారు కూర్చుని ఎన్నో చదివి, ధాన్యం లేని గ్రెయిన్ ఫ్రీ ఆహారం తెప్పించారు. అత్తగారికి ఆ ప్యాకెట్టూ నచ్చలేదు, ఈ ప్యాకెట్టూ నచ్చలేదు. ఎండు గుళికలతో ఒక ప్రాణిని ఏళ్ల తరబడి పోషించడమేమిటని, చికెన్ ఉడికించి అన్నంలో కలిపి తన చేత్తోనే తినిపిస్తున్నారు. అమ్మాయి బడినుంచి రాగానే బిస్కెట్లు పెడుతుంది. ఈలోగా మిన్నూ బరువు 4.8 కిలోలకు చేరింది. పశువైద్యులు చూసి 3.5 కిలోలు ఉండాల్సిన కుక్క ఇది అన్నారు. సంతోషం పట్టలేక గెంతినప్పుడూ, మెడపట్టీ లాగినప్పుడూ పొడిదగ్గు వస్తోంది. పాదాలు విడవకుండా నాకుతోంది. గ్రెయిన్ ఫ్రీ మానేసి, బరువు తగ్గించే మామూలు ఆహారం కొలిచి పెట్టమని వైద్యులు చెప్తే, “ఆయన అమ్మే సరుకే ఆయనకు మంచిదవుతుంది” అని భర్తగారు కొట్టిపారేశారు. గిన్నెలో పోసింది మిన్నూ ముట్టడం లేదని, తన మీదే ఇంట్లో అందరికీ కోపమని రాస్తూ ఈమె అడిగినవి ఇవి: ప్యాకెట్ తిండి నిజంగా విషమా? ధాన్యం మానేయడం మంచిదా? వండి పెట్టడమే సరైనదా? చివరి వాక్యం మాత్రం వేరే రకం ప్రశ్న: “ప్యాకెట్ చింపి పోయడం నా ప్రేమలేనితనమా?”

అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మీరు చివరి పేజీలో కొంచెం సిగ్గుపడుతూ రాసిన జాబితా. ఒక ఆదివారం పొద్దున్నుంచి రాత్రిదాకా మిన్నూ నోట్లోకి వెళ్లినదంతా తూచి రాశారు. గుళికలు 80 గ్రాములు. 100 గ్రాములకు 360 కిలోక్యాలరీలని ప్యాకెట్ మీద ఉంది కాబట్టి అవి 288. బిస్కెట్లు నాలుగు, ఒక్కొక్కటి 25 చొప్పున 100. అత్తగారి చేతి ముద్దలు మూడు, మీ అంచనా ప్రకారం 60. మీవారు తాను తింటూ విరిచి ఇచ్చిన 10 గ్రాముల చీజ్ ముక్క సుమారు 40. కలిపితే 488. గుళికలు గిన్నెలో ముట్టదని రాశారు గానీ, రాత్రికి గిన్నె ఖాళీ అవుతోందని కూడా మీరే రాశారు. అంటే అది తిండి మానలేదు. ముందు రుచిగలవన్నీ తిని, ఆ తర్వాత నింపాదిగా గుళికల దగ్గరికి వస్తోంది.

ఇప్పుడు దానికి కావాల్సింది ఎంతో చూద్దాం. కుక్క కదలకుండా విశ్రాంతిగా ఉన్నప్పుడు బతకడానికి రోజుకు ఎంత శక్తి అవసరమో లెక్కకట్టడానికి పశువైద్యులు వాడే సూత్రం ఒకటుంది: కిలోల్లో బరువును 0.75 ఘాతానికి పెంచి, వచ్చినదాన్ని 70తో గుణిస్తారు. మూడున్నర కిలోల మిన్నూకి అది సుమారు 180 కిలోక్యాలరీలు. ఆపరేషన్ అయిన, వయసొచ్చిన కుక్క ఇంట్లో మామూలుగా తిరుగుతూ బరువు నిలుపుకోవడానికి దీన్ని 1.6తో హెచ్చిస్తారు, అంటే సుమారు 285. ఎక్కువసేపు పడుకుని ఉండే కుక్కకు 250 కూడా సరిపోవచ్చు. బరువు తగ్గాల్సిన కుక్కకు, ఉండాల్సిన బరువును బట్టి వచ్చిన ఆ 180 దగ్గరే మొదలుపెడతారు. ఇవి సగటు అంచనాలే. ఒక్కో కుక్కకు కొంత అటూ ఇటూ అవుతాయి. అయినా 180కీ 488కీ మధ్య ఉన్న దూరం ఆ అటూ ఇటూలో ఇమిడేది కాదు. మీ ఇంట్లో ఎనిమిది నెలలుగా ఏ ప్యాకెట్ అన్న దాని మీద చర్చ నడుస్తోంది. మిన్నూ ఒళ్లు మాత్రం ఎంత పెట్టారన్న లెక్క ప్రకారం పెరుగుతూ వచ్చింది.

చిన్న కుక్కల విషయంలో అందరూ పొరబడే చోటు ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. కిలో బరువుకు లెక్కిస్తే చిన్న కుక్కకే శక్తి ఎక్కువ కావాలి. పై సూత్రం ప్రకారం మూడున్నర కిలోల కుక్కకు విశ్రాంతిలో కిలోకు 51 కిలోక్యాలరీలు పడితే, 30 కిలోల కుక్కకు 30 మాత్రమే పడతాయి. ఈ ముక్క ఎక్కడో చదివి, చిన్న కుక్కకు బలమైన తిండి ఎక్కువగా పెట్టాలని చాలామంది అనుకుంటారు. మొత్తంగా చూస్తే దాని రోజువారీ బడ్జెట్ చాలా చిన్నది, అందుకే చిన్న పొరపాటు కూడా దానికి పెద్దదే. మీవారి చీజ్ ముక్కనే తీసుకోండి. ఆ 40 కిలోక్యాలరీలు 30 కిలోల కుక్కకు లెక్కలోకే రావు. మిన్నూకి అవి 180లో ఐదో వంతు కన్నా ఎక్కువ. చిరుతిళ్లన్నీ కలిసి రోజు మొత్తం క్యాలరీల్లో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెప్పే నియమాన్ని మిన్నూకి వర్తింపజేస్తే, 180లో 18 వస్తుంది. ఒక్క బిస్కెట్ కూడా పూర్తిగా పట్టదు.

ప్యాకెట్ వెనక ఉండే రోజువారీ కొలతల పట్టిక కూడా మిమ్మల్ని కొంత తప్పుదారి పట్టించింది. దానిలో కంపెనీ కపటం వెతకనక్కర్లేదు. ఆ పట్టిక అన్ని రకాల కుక్కలకూ ఉద్దేశించింది. చురుగ్గా పరుగెత్తే, ఆపరేషన్ కాని కుక్క కూడా దానిలో ఉంటుంది. ఆపరేషన్ తర్వాత శక్తి అవసరం గణనీయంగా తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరగవచ్చు. పైగా మీరు ఇప్పుడున్న 4.8 కిలోల వరుస చూసి పోస్తున్నారు, ఉండాల్సిన 3.5 కిలోల వరుస కాదు. గుళికలను కప్పుతో కొలవడం మానేసి గ్రాముల తూకం వాడండి; ఇంత చిన్న కుక్క విషయంలో కప్పు అంచు దాటిన పది గుళికలు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇక మీ ఆడపడుచుగారు చదివిన మూడు మాటలకు వద్దాం. బూడిద అనేది ఆహారంలో ఎవరూ కలిపేది కాదు. ఆహారాన్ని ప్రయోగశాలలో పూర్తిగా కాల్చినప్పుడు మిగిలే ఖనిజాల పరిమాణాన్ని ఆ పేరుతో రాస్తారు. కాల్షియం, భాస్వరం, మెగ్నీషియం వంటివన్నీ అందులో ఉంటాయి. మీ అత్తగారు వండిన చికెన్‌ను కాల్చినా బూడిద శాతం ఎంతో కొంత వస్తుంది. ఉపఉత్పత్తులు అన్న మాట వినడానికి చెత్తలా వినిపిస్తుంది గానీ, కాలేయం, మూత్రపిండాలు, ప్లీహం, ఊపిరితిత్తుల వంటి భాగాలు ఆ పేరు కిందకే వస్తాయి. అమెరికాలో పశువుల దాణా ప్రమాణాలు రూపొందించే ఆఫ్కో అనే సంఘం నిర్వచనం ప్రకారం వెంట్రుకలు, కొమ్ములు, పళ్లు, గిట్టలు ఇందులో చేరవు. వేటాడే జంతువు ముందుగా తినేవి తరచు ఆ లోపలి అవయవాలే. ఉపఉత్పత్తుల నాణ్యత ఒక కంపెనీకీ మరో కంపెనీకీ మధ్య తేడాగా ఉండవచ్చన్న అనుమానం న్యాయమైనదే; ఆ మాట కనబడగానే విషమని తేల్చడం మాత్రం న్యాయం కాదు.

మొక్కజొన్న సంగతి ఇంకొంచెం ఆసక్తికరమైనది. కుక్క తోడేలు వంశానిది కాబట్టి ధాన్యం అరిగించుకోలేదని ఒక వాదన ప్రచారంలో ఉంది. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన ఒకటి దీనికి బాగా అడ్డుపడింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము తయారుచేసే జన్యువు తోడేళ్లలో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై వరకు ఉన్నాయని అందులో తేలింది. మనుషుల పంచన, మనుషుల తిండి మీద వేల ఏళ్లు బతికిన ఫలితం అది. బాగా ఉడికిన ధాన్యాన్ని కుక్క చక్కగా అరిగించుకుంటుంది. చిత్రమేమిటంటే, మీవారు తెప్పించిన గ్రెయిన్ ఫ్రీ ప్యాకెట్‌లో పిండిపదార్థం లేకుండా పోలేదు. మీరే రాసినట్టు ధాన్యం స్థానంలో బఠాణీలు, కాయధాన్యాలు, బంగాళదుంపలు చేరాయి. గుళిక గట్టిగా రూపు కట్టాలంటే ఏదో ఒక పిండి ఉండి తీరాలి.

గ్రెయిన్ ఫ్రీ విషయంలో మీవారికి ఒక సంగతి తెలియాలి. గుండె కండరం పలచబడి గుండె సాగిపోయే డైలేటెడ్ కార్డియోమయోపతీ అనే జబ్బుకూ, బఠాణీలూ పప్పుధాన్యాలూ ప్రధానంగా ఉన్న ఆహారాలకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018 జులైలో విచారణ మొదలుపెట్టింది. సాధారణంగా ఆ జబ్బు రాని జాతుల్లో కూడా కేసులు వచ్చాయన్నది అప్పటి ఆందోళన. ఆ ఆహారమే కారణమని తేలలేదు. 2022 డిసెంబరులో ఆ సంస్థ, చెప్పుకోదగిన కొత్త శాస్త్రీయ సమాచారం దొరికే వరకు ఇకపై ప్రకటనలు ఇవ్వబోమంది. కాబట్టి గ్రెయిన్ ఫ్రీ తినే కుక్కకు గుండె జబ్బు వస్తుందని మిమ్మల్ని భయపెట్టను. అయితే ధాన్యం పడని కుక్కలు తక్కువ, ధాన్యం మాన్పిస్తే ఆరోగ్యమైన కుక్కకు మేలని రుజువు లేదు, పైగా తేలని అనుమానం ఒకటి మిగిలి ఉంది. దగ్గుతున్న కుక్క విషయంలో నేనైతే ఆ అనుమానాన్ని భుజాన వేసుకోను. మీ పశువైద్యులు మానేయమనడానికి కారణం బహుశా ఇదే. తన సరుకు అమ్ముకోవడం కోసమేనని ముందే నిర్ణయించేయకండి.

పాదాలు నాకడం ధాన్యం వల్లనే అనుకుని ఆహారం మార్చారని రాశారు. కుక్కల్లో దురదకు బొచ్చులో చేరి రక్తం పీల్చే పురుగులు, గాలిలోని పుప్పొడి, ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనబడనంత చిన్న పురుగులు ఎక్కువసార్లు కారణమవుతాయి. ఆహారం పడకపోవడం వాటికన్నా తక్కువ. ఆహారమే కారణమైన కుక్కల్లోనూ ఎక్కువగా పడనివని నమోదైనవి గొడ్డు మాంసం, పాల పదార్థాలు, చికెన్. గోధుమ వాటి తర్వాత వస్తుంది. మిన్నూ ఎనిమిది నెలలుగా ధాన్యం లేని ప్యాకెట్ తిన్నా నాకడం తగ్గలేదంటున్నారు, కానీ ఆ ఎనిమిది నెలలూ చికెన్, అన్నం, చీజ్, బిస్కెట్లు ఆగలేదు. అందువల్ల ఆ ప్రయోగం ఏదీ చెప్పలేదు. నిజంగా తెలుసుకోవాలంటే పద్ధతి ఒక్కటే: అంతకు ముందెప్పుడూ తినని ఒకే మాంసకృత్తుతో, లేదా మాంసకృత్తులను బాగా చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక ఆహారంతో, సుమారు ఎనిమిది వారాలు వేరే ఏదీ, ఒక్క బిస్కెట్ ముక్క కూడా ముట్టనివ్వకుండా చూసి, ఆ తర్వాత పాత తిండి మళ్లీ పెట్టి దురద తిరిగి వస్తుందేమో గమనించాలి. రక్తం, లాలాజలం తీసి చేసే ఆహార అలర్జీ పరీక్షలు నమ్మదగినవి కావు. నలుగురు నాలుగు చేతులతో పెడుతున్న ఇంట్లో ఆ ఎనిమిది వారాలు నిలవడం కష్టం కాబట్టి, బరువు సంగతి ఒక కొలిక్కి వచ్చాకే దీని జోలికి వెళ్లమని నా సలహా. ఈలోగా బొచ్చులో చేరే పురుగులకు వైద్యులిచ్చే మందు సక్రమంగా పడుతోందో లేదో చూసుకోండి.

ఇంత చెప్పినంత మాత్రాన కంపెనీలను గుడ్డిగా నమ్మమని కాదు. 2007లో అమెరికాలో గ్లూటెన్ అనే గోధుమ మాంసకృత్తులో మెలమైన్ అనే రసాయనం కలిసి, కుక్కలూ పిల్లులూ మూత్రపిండాలు పాడై చనిపోయాయి. ఎన్నో బ్రాండ్ల ఆహారాన్ని అంగళ్ల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మీవారి అనుమానానికి ఆ మేరకు చరిత్ర ఉంది. అయితే అనుమానాన్ని సరైన చోట పెట్టాలి. ప్యాకెట్ ముందు భాగంలో ఉండే ప్రీమియం, హోలిస్టిక్ వంటి మాటలకు ఆఫ్కో నియమాల్లో నిర్వచనమే లేదు. వాటికి విలువ ఇవ్వకండి. పదార్థాల జాబితాలో చికెన్ మొదట ఉందని మురిసిపోకండి. ఆ వరుస తయారీకి ముందున్న బరువు ప్రకారం రాస్తారు, పచ్చి చికెన్‌లో సుమారు మూడింట రెండు వంతులు నీరే. ఆ నీరు పోయాక దాని స్థానం ఎంతో కిందికి దిగవచ్చు. ముందే ఆరబెట్టి పొడిచేసిన చికెన్ మీల్ మూడో చోట ఉన్నా అసలు మాంసకృత్తు అదే ఎక్కువ ఇస్తూ ఉండవచ్చు. తడి డబ్బా ఆహారాన్నీ పొడి గుళికలనూ పోల్చేటప్పుడు కూడా ఇదే తిరకాసు: డబ్బా మీద 8 శాతం మాంసకృత్తు, 78 శాతం తేమ అని ఉంటే, నీరు తీసేసిన లెక్కలో అది 36 శాతం. గుళికల ప్యాకెట్ మీద 24 శాతం మాంసకృత్తు, 10 శాతం తేమ అని ఉంటే అదే లెక్కలో 27కు కొంచెం తక్కువే.

మీరు వెతకాల్సింది చిన్న అక్షరాల్లో ఉండే ఒక వాక్యం. ఈ ఆహారం ఫలానా దశలోని కుక్కకు సంపూర్ణం, సమతులం అని, ఆఫ్కో గానీ ఐరోపాలో పెంపుడు జంతువుల ఆహార తయారీదారుల సంఘమైన ఫెడియాఫ్ గానీ నిర్ణయించిన పోషక ప్రమాణాల ప్రకారం ఉందని ఆ వాక్యం చెప్పాలి. ఆఫ్కో రెండు దశలకే ప్రమాణాలు పెట్టింది: ఎదుగుదల, సంతానోత్పత్తి ఒకటి, పెద్దయిన కుక్క పోషణ రెండోది. చిన్న జాతుల కోసమని వేరే ప్రమాణమేదీ లేదు. చిన్న జాతుల ప్యాకెట్‌లో గుళిక చిన్నగా ఉంటుంది, అది చిన్న దవడకు సుఖమే. తరచు క్యాలరీలు మాత్రం కాస్త దట్టంగా ఉంటాయి, అది మిన్నూకి ఇప్పుడు అవసరం లేనిది. సంపూర్ణమన్న ఆ వాక్యం, 100 గ్రాములకు ఎన్ని క్యాలరీలన్న అంకె, తయారీదారుని సంప్రదించి ప్రశ్న అడిగితే జవాబు వచ్చే వీలు, ఈ మూడూ ఉన్న ప్యాకెట్ ఏదైనా సరే. ఆహారం వైద్యుల దగ్గరే కొనాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. సలహా ఆయన దగ్గర తీసుకుని సరుకు మీకు నచ్చిన చోట కొంటే మీవారి అభ్యంతరం సగం తీరుతుంది.

అత్తగారి వంట సంగతి సున్నితమైనది, అందుకే నిదానంగా రాస్తున్నాను. వండిన తిండి కుక్కకు చెడ్డది కాదు. చికెన్, అన్నం రెండూ నిరపాయమైనవే. కడుపు బాగాలేనప్పుడు రెండు మూడు రోజులు వైద్యులే అవి పెట్టమంటారు. ఇబ్బంది ఏమిటంటే, ఆ రెండే రోజంతటి ఆహారమై నెలలు గడిస్తే కొరత మొదలవుతుంది. ఎముక లేని మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. కుక్క ఆహారంలో కాల్షియం భాస్వరానికి కనీసం సమానంగా, గరిష్ఠంగా రెండింతలుగా ఉండాలి. అది లేకపోతే శరీరం తన ఎముకల నుంచే కాల్షియం తీసుకుంటుంది. విటమిన్ డి, ఇ, అయోడిన్, జింకు కూడా ఈ జోడీలో చాలవు; మనలాగా ఎండలో కూర్చుని తగినంత విటమిన్ డి తయారుచేసుకునే శక్తి కుక్కకు లేదు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు పుస్తకాల్లోనూ ఇంటర్నెట్‌లోనూ దొరికే కుక్కల ఇంటివంట విధానాలు 200 పరీక్షిస్తే, వాటిలో 95 శాతం కనీసం ఒక ముఖ్య పోషకంలో లోటుపడ్డాయి. రాసినవారిలో పశువైద్యులు కూడా కొందరున్నారు. వంటకాలు రోజుకొకటి మారిస్తే లోటు అదే భర్తీ అవుతుందన్న నమ్మకం కూడా వారి లెక్కలో నిలబడలేదు, ఎందుకంటే చాలా వంటకాల్లో అవే పోషకాలు లోటుగా ఉన్నాయి.

కాబట్టి మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, సంపూర్ణ ఆహారానికి మారి తూకం వేసి పెట్టడం. తేలికైనది, లెక్క తప్పనిది. కానీ ఒక జాగ్రత్త ఉంది: ఇప్పుడున్న గుళికలనే 180 కిలోక్యాలరీలకు, అంటే 50 గ్రాములకు తగ్గిస్తే క్యాలరీలతో పాటు మాంసకృత్తులు, విటమిన్లు కూడా తగ్గిపోతాయి. తక్కువ క్యాలరీల్లోనే పోషకాలన్నీ సరిపోయేలా తయారుచేసిన బరువు తగ్గించే ఆహారం అందుకే ఉంది. వైద్యులు చెప్పింది ఊరికే చెప్పలేదు. ఈ దారిలో మీరు చెల్లించే మూల్యం అత్తగారి మనసు.

రెండోది, పూర్తిగా ఇంటి వంటే. కావాలంటే చేయవచ్చు, అయితే పశువుల పోషణలో నిపుణులైన వైద్యులు మిన్నూ బరువు, వయసు, ఆరోగ్యం చూసి రాసిన వంట విధానం ప్రకారం, ఖనిజాల, విటమిన్ల మిశ్రమం వారు చెప్పిందే కలిపి, ప్రతి పదార్థం తూచి, ఒక్కటీ మార్చకుండా వండాలి. చికెన్ లేనిరోజు మరొకటి, నూనె కాస్త ఎక్కువైనా ఫరవాలేదు అనే ధోరణి దీనిలో కుదరదు. మీ అత్తగారు కంటి కొలతతో అద్భుతంగా వండే మనిషని మీరు రాశారు. అటువంటివారికి గ్రాముల తూకం చేతికివ్వడం ఎంత కష్టమో మీకే తెలియాలి.

మూడోది కలగలుపు. నూటికి తొంభై వంతులు సంపూర్ణ ఆహారం, మిగతా పది వంతుల్లో అత్తగారి చేతి చికెన్. తోలు, కొవ్వు తీసి, ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్ రొమ్ము మాంసం 10 గ్రాములు సుమారు 16 కిలోక్యాలరీలు. మన 18 కిలోక్యాలరీల వాటాలో సరిగ్గా పడుతుంది. దాన్ని చిటికెడంత ముక్కలుగా చేస్తే పది పన్నెండుసార్లు తినిపించవచ్చు. కుక్క చేతి నుంచి అందుకున్న సార్లు లెక్కపెట్టుకుంటుంది గానీ ముక్క పరిమాణం అంతగా పట్టించుకోదు. మీ ఇంటి పరిస్థితికి ఇది కుదురుతుందనిపిస్తోంది. దీనిలో ఉన్న చిక్కల్లా, మిగతావారు తమ వాటాలు పూర్తిగా వదులుకోవాలి. పొద్దున్నే రోజంతటికీ సరిపడా తూచిన గుళికలు ఒక డబ్బాలో పోసి పెట్టండి. మీ అమ్మాయి బడినుంచి వచ్చాక బిస్కెట్ బదులు ఆ డబ్బాలోంచే నాలుగు గుళికలు తీసి ఆటగా పెట్టవచ్చు. మీవారి చీజ్ మాత్రం మానాల్సిందే. కొవ్వు పదార్థాలు చిన్న జాతుల్లో కొన్నింటికి క్లోమం వాపు తెచ్చే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ఈ ఒక్క విషయంలో మాత్రం నేను బేరమాడను.

గిన్నె ముట్టకపోవడం గురించి: తినకపోతే మరింత రుచిగలది వస్తుందని అది ఈ ఎనిమిది నెలల్లో నేర్చుకుంది. కొత్త ఆహారాన్ని వారం నుంచి పది రోజుల్లో, పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ పెంచండి. రోజుకు రెండు మూడుసార్లు గిన్నె పెట్టి, ఇరవై నిమిషాలకు ఏమీ అనకుండా తీసేయండి. గోరువెచ్చని నీళ్లు చిలకరిస్తే వాసన పెరిగి తినడానికి ముందుకొస్తుంది. ఈ పట్టుదల ఆరోగ్యంగా ఉన్న, వయసొచ్చిన కుక్కకే తగినది. నెలల పసి చిన్నజాతి కుక్కపిల్ల పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మిన్నూ అయినా ఒక రోజంతా ఏమీ తినకపోయినా, నీరసంగా ఉన్నా, వాంతులైనా పట్టుదల మాని వైద్యుల దగ్గరకు వెళ్లండి.

పొడి గుళికలు కొరికితే పళ్లు శుభ్రమవుతాయని మీరు ఒకచోట రాశారు, మీ పక్షాన వాదిస్తూ. పాపం, అది కూడా నిలిచే వాదన కాదు. మామూలు గుళిక పంటికి తగలగానే విరిగిపోతుంది. చిగుళ్ల దగ్గరి పాచిని గీకదు. పెద్ద కుక్కకున్న నలభై రెండు పళ్లే ఈ చిన్న దవడలోనూ ఇరుక్కుని ఉంటాయి కాబట్టి చిగుళ్ల జబ్బు వీటికే ఎక్కువ. కుక్కల పేస్టుతో రోజూ తోమడం తప్ప దగ్గరి దారి లేదు. మనుషుల పేస్టు వాడకండి, కొన్నిటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు విషం. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కూడా వంటింట్లోంచి దానికి అందకూడదు. ఇవి ఏ కుక్కకైనా హానికరమే. మూడున్నర కిలోల ఒంటికి మాత్రం చాలా కొద్దిపాటి మోతాదే చాలు.

బరువు తగ్గే వేగం వారానికి ఒకటి నుంచి రెండు శాతం ఉంటే మంచిది. మిన్నూ విషయంలో అది మొదట 50 నుంచి 100 గ్రాములు. కిలో మూడు వందలు తగ్గడానికి నాలుగు నుంచి ఏడు నెలలు పట్టవచ్చు. మధ్యలో రెండు వారాలు ముల్లు కదలకపోతే మీవారు ఈ ప్యాకెట్ కూడా పనికిరాదంటారు. అప్పుడు మార్చాల్సింది గ్రాముల లెక్క. కొద్ది బరువు తేడా కూడా ఎంత పనిచేస్తుందో చెప్పడానికి ఆయనకు ఒక పరిశోధన చూపండి. నలభై ఎనిమిది లాబ్రడార్ జాతి కుక్కలను జతలుగా విడదీసి, పిల్లలుగా ఉన్నప్పటి నుంచి చనిపోయేదాకా గమనించి 2002లో ప్రచురించిన ఫలితాల్లో, జతలోని తోటి కుక్క కంటే పాతిక శాతం తక్కువ తిన్నవి సుమారు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి. కీళ్ల నొప్పులకు చికిత్స కూడా ఆలస్యంగా అవసరమైంది. ఆ పరిశోధన ఒక కుక్క ఆహార కంపెనీ చేయించిందే. తక్కువ తినిపించమని చెప్పే ఫలితం వల్ల ఆ కంపెనీకి సరుకు ఎక్కువ అమ్ముడుపోదు గదా అని ఆయనతో అనవచ్చు.

మీ చివరి వాక్యానికి నా దగ్గర ఉన్న జవాబు మీ జాబితాలోనే ఉంది. ప్రేమ లేని మనిషి ఆదివారమంతా కుక్క వెంట తిరిగి చీజ్ ముక్క తూచి రాయదు. మీ అత్తగారికి ఈ సంగతి చెప్పేటప్పుడు మీ వంట దానికి చేటు చేసిందన్న మాట రానివ్వకండి. నిజానికి 488లో ఆవిడ వాటా 60 మాత్రమే, బిస్కెట్ల కంటే తక్కువ. ఆ పది గ్రాముల చికెన్ బాధ్యత పూర్తిగా ఆవిడకే అప్పగించి, ఆదివారం తూకం కూడా ఆవిడ చేతే వేయించండి. ఆవిడ మిన్నూని ఎత్తుకుని తూకం మీద నిలబడి, ఆ తర్వాత ఒక్కరే నిలబడితే తేడా తెలుస్తుంది గానీ, మన తూకాలు 50 గ్రాముల మార్పు పట్టలేవు. నెలకోసారి వైద్యుల దగ్గరి చిన్న తూకం మీద సరిచూసుకోండి. మధ్య వారాల్లో వేళ్లతో పక్కటెముకలు తడిమి చూడమనండి. ఇప్పుడు వెతకాల్సి వస్తున్న ఎముకలు, పలచని గుడ్డ కింద ఉన్నట్టు తేలిగ్గా తగలడం మొదలైతే దారి సరిగ్గా ఉన్నట్టే.

దగ్గు సంగతి మాత్రం ఆహారం మారేదాకా ఆపకండి. పొమరేనియన్లలో శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోయే జబ్బు తరచు కనిపిస్తుంది, మెడ చుట్టూ చేరిన కొవ్వు దాన్ని మరింత బాధిస్తుంది. గుండె జబ్బు కూడా దగ్గుగానే బయటపడవచ్చు. మెడపట్టీ తీసేసి ఛాతీకి తొడిగే పట్టీ ఈరోజే వేయండి. ఎనిమిది నెలలు గ్రెయిన్ ఫ్రీ తిన్నదని, ఏ ప్యాకెట్టో పేరుతో సహా వైద్యులకు చెప్పి, ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే గుండె స్కానింగ్ గురించి అడగండి. ఈసారి మీవారిని కూడా వెంట తీసుకెళ్లి, తన అనుమానాలన్నీ ఆయన చేతే నేరుగా అడిగించండి. నాలుక గాని చిగుళ్లు గాని నీలంగా మారినా, పడుకుని ఉన్నప్పుడు కూడా ఊపిరి ఎగబీలుస్తున్నా తెల్లవారేదాకా ఆగవద్దు.